ఎనిమిదో కంచరగాడిద

ఆ రోజుల్లో నాకు మనుషుల మీద కంటే తూకం కాటా మీద గురి ఎక్కువ. (ఇక్కడ "ఆ రోజుల్లో" అన్న మాట నిజంగా అవసరమా అని కాసేపు ఆలోచించి, ఉంచేశాను.) మనిషి నవ్వుతూ అబద్ధం చెప్పగలడు, కళ్ళనీళ్ళు పెట్టుకునీ చెప్పగలడు, కాటాకు ఆ రెండు విద్యలూ రావు. కొత్తగా ఏర్పడిన రాష్ట్రానికి రాయపూర్ రాజధాని అయి నాలుగేళ్ళు కావస్తున్న కాలమది. ఎక్కడ చూసినా తవ్విపోసిన రోడ్లు, రంగు ఆరని ఆఫీసు బోర్డులు. ఊరి శివార్లలో ఇనుప చువ్వలు తయారుచేసే ఒక మిల్లులో నేను కాటా గుమాస్తాగా కొత్తగా చేరాను. లోపలికి వచ్చిన లారీ బరువెంత, బయటికి పోయిన లారీ బరువెంత, రెంటికీ తేడా ఎంత అన్నదే నా ఉద్యోగం. తేడా కనిపించిన చోట దొంగ ఉంటాడనీ, కనిపించని చోట అంతకంటే తెలివైన దొంగ ఉంటాడనీ మా పై అధికారి మొదటిరోజే ఉపదేశించాడు. ఇరవై నాలుగేళ్ళ వయసులో అటువంటి ఉపదేశం ఒంటికి పట్టినంతగా మరేదీ పట్టదు. నెల తిరిగేసరికి పాలవాడి చెంబు మొదలుకొని గుడి ప్రసాదం వరకూ నేను అనుమానించని వస్తువు లేకుండా పోయింది.

విజయనగరం నుంచి వచ్చిన నాకు బస మా మేనమామ ఇంట్లో కుదిరింది. మామయ్య మా అమ్మకు పెద్దన్నగారు. గూడ్సు రైళ్ళకు గార్డుగా పనిచేసి అంతకు ముందు ఏడాదే రిటైరయ్యాడు. (ఈ మధ్య రైల్వేవారు గార్డు అన్న హోదా పేరునే మార్చేశారు. మామయ్య ఉండి ఉంటే ఒప్పుకునేవాడు కాదు.) గూడ్సు గార్డు పని ఎటువంటిదో తెలియనివారి కోసం ఒక మాట చెప్పాలి. బండికి చిట్టచివర బ్రేకు వ్యాను అనే చిన్న పెట్టె తగిలించి ఉంటుంది. అందులో ఒంటరిగా కూర్చుని, తన ముందున్న పెట్టెలన్నీ తెగిపోకుండా వస్తున్నాయా, వెనక ఏదైనా ప్రమాదం పొంచి ఉన్నదా అని కనిపెట్టుకుని ఉండే మనిషి గార్డు. అతను పచ్చజెండా ఊపితే తప్ప ముందున్న డ్రైవరు బండి కదపడు. అంతటి అధికారం చలాయించిన మామయ్య, క్వార్టరు ఖాళీచేసి రైల్వే కాలనీకి దగ్గరలోనే ఒక అద్దె ఇంట్లో చేరిన తరవాత, మధ్యాహ్నం పూట ఏ గదిలో కూర్చున్నా అత్తయ్య చీపురుకు అడ్డం వచ్చేవాడు. ఇంట్లో వాళ్ళిద్దరూ, వాళ్ళ అబ్బాయీ, నేనూ ఉండేవాళ్ళం. ఆ అబ్బాయి నాకు బావ, కొత్త ప్రభుత్వం వారి ఆఫీసులో గుమాస్తా. ఇంట్లో మాట్లాడినా ఫైలు మీద రాసినట్టే మాట్లాడేవాడు.

ఎండలు ముదిరిన వేళ మామయ్య మీద అనుమానం మొదలైంది. ఈ ఘనత నాది కాదు, అత్తయ్యది. భోజనం చేసి కాస్త నడుం వాల్చిన మనిషి మూడు కొట్టేసరికి లేచి, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తొడుక్కుని, సైకిలు మీద ఎటో వెళ్ళిపోతున్నాడు. ఎక్కడికని అడిగితే "బయటికి" అన్న ఒక్క ముక్కే జవాబు. దీపాలు పెట్టేవేళకు తిరిగివస్తే ముఖంలో కొత్త వెలుగు. ఇంతవరకైనా అత్తయ్య ఓర్చుకునేదేమో కాని, గోడకున్న మేకుకు వేలాడే గార్డు విజిలు మధ్యాహ్నాలు మాయమై సాయంత్రానికి మళ్ళీ మేకు మీదికి చేరుతున్నదని ఆవిడ పసిగట్టింది. దానికి తోడు మామయ్య పగటినిద్రలో కలవరించడం మొదలుపెట్టాడు.

"నిద్దట్లో ఇంకా ఇద్దరు రావాలంటన్నాడ్రా మీ మామయ్య," అంది అత్తయ్య నాతో, బియ్యంలో రాళ్ళు ఏరుతూ. "ఎవలా ఇద్దరు? ఈ ఇంట్లో రావలసినోలు ఎవలూ లేరు. ఉన్న నలుగురికి వండలేకే నేను సస్తన్నాను."

మా వీధి చివర రిటైరైన ఫిట్టరుగారొకాయన ఆ ఏడాదే మట్కా జూదానికి అలవాటుపడి, ఇంట్లోవాళ్ళ చేత నానా మాటలూ పడుతున్నాడు. ఆ సంగతి అందరి మనసుల్లోనూ ఉంది, ఎవరి నోటా రాలేదు. పైగా మామయ్యకు చక్కెర జబ్బు. ఎండలో సైకిలు తొక్కవద్దని డాక్టరు ఒకసారి చెప్పి ఉన్నాడు. బావ ఈ రెండు కారణాలనూ జతపరచి ఒక ఉత్తర్వు తయారుచేశాడు.

"సండే వరకు టైమిస్తన్నాను. నువ్వు నాన్న ఎనకాలెళ్ళి పక్కా రిపోర్టు తే," అన్నాడు నాతో. "తేడా ఉందంటే సైకిలికి తాళం పడిపోద్ది. చాబీ నా జేబులో ఉంటాది. ఆ తరవాత నాన్న గుమ్మం దిగితే నాతోటన్నా దిగాలి, నీతోటన్నా దిగాలి. అకేలా జానా బంద్."

అంటే, నలభై ఏళ్ళు సగం దేశం తిరిగిన మనిషి ఇక మీదట మందుబిళ్ళలకు కూడా ఒంటరిగా వెళ్ళగలడా లేదా అన్నది, కాటా గుమాస్తాగా ఇంకా పర్మనెంటు కూడా కాని నా నోటిమాట మీద ఆధారపడింది. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. అప్పుడు మాత్రం నాకు గొప్ప ఉత్సాహం కలిగింది. లారీలను అనుమానించి అనుమానించి విసుగెత్తి ఉన్నాను, మనిషి దొరికాడు.

మొదటి షిఫ్టు ముగించుకుని నేను రెండు దాటాక ఇల్లు చేరేవాణ్ణి కనుక వెంబడించడానికి వేళ కుదిరింది. పక్కింటివారి సైకిలు అడిగి తీసుకున్నాను. మారువేషం విషయంలో రాయపూర్ ఎండ నాకు సహకరించింది. ఎండాకాలంలో ఆ ఊరు సగానికి సగం ముఖానికి గమ్ఛా చుట్టుకుని, కళ్ళు మాత్రం కనిపించేలా తిరుగుతుంది. నేనూ అత్తయ్యది పాత తువ్వాలొకటి చుట్టుకున్నాను. (అది పసుపుపచ్చని పూల తువ్వాలని, అలాంటిది ఊరు మొత్తంలో మరొకటి ఉండదని నాకు ఆ సమయంలో తట్టలేదు.) సోమవారం నాడు మామయ్య రైల్వే గేటు దాటగానే గేటు పడిపోయింది. బొగ్గు గూడ్సు ఒకటి నింపాదిగా సాగుతున్నది. పెట్టెల సందుల్లోంచి చూస్తే మామయ్య అవతలి ఒడ్డున సైకిలు దిగి నిలబడి ఉన్నాడు. ఎందుకు ఆగాడు? ఎవరి కోసం? నా అనుమానం పెట్టె పెట్టెకూ పెరిగింది. చివరి పెట్టె కూడా దాటిపోయాక ఆయన దాని వెనక భాగాన్ని తృప్తిగా చూసి తల ఆడించి, ఆ చూపును అలాగే తిప్పి గేటు ఇవతల ఉన్న మా గుంపు వైపు చూశాడు. నేను చప్పున గోడ మీది కోచింగ్ సెంటరు ప్రకటన చదవసాగాను. తల తిప్పేసరికి మామయ్య లేడు.

మంగళవారం ఫాఫాడీహ్ చౌరస్తా దాకా వదలకుండా వెళ్ళాను. అక్కడ టైర్ల దుకాణాల వీధిలో, ఒక మందుల కొట్టు పక్కనున్న సన్నని మెట్ల దగ్గర సైకిలు నిలబెట్టి మామయ్య పైకి వెళ్ళాడు. మెట్ల పైన నల్లకాగితం అంటించిన అద్దాల తలుపు. బోర్డు లేదు. లోపలినుంచి కుర్రాళ్ళ కేకలు, వాటి మీదుగా ఒక విజిలు మోత. ఎదురుగా ఉన్న చెరుకురసం బండి చాటున నిలబడి రెండు గంటలకు పైగా కాచాను. మామయ్య నవ్వు ఆపుకుంటూ దిగివచ్చాడు. నల్లద్దాల తలుపు, కేకలు, నవ్వు. మట్కాకు ఇంతకంటే రుజువు ఏం కావాలి అనిపించింది కాని, రుజువు లేని నిర్ధారణ నా వృత్తిధర్మానికి విరుద్ధం.

బుధవారం మామయ్య వెళ్ళిన కాసేపటికి నేనూ పైకి ఎక్కాను. తలుపు పక్కనే బల్ల వెనక కూర్చుని వేరుసెనగలు ఒలుచుకుంటున్న భారీ మనిషి ఆ దుకాణం యజమాని. కుర్రాళ్ళు సేఠ్ అని పిలిచేవారు. నేను తువ్వాలు విప్పకుండానే లోపల యంత్రాలెన్ని, ఎవరెవరు వస్తారు, పందేలు ఉంటాయా, డబ్బు ఎవరి దగ్గర ఉంటుంది అని వరసగా అడిగాను. సేఠ్ చేతిలోని వేరుసెనగ కింద పడిపోయింది. నన్ను పన్నుల ఆఫీసు వాడనుకున్నాడని ఆ తరవాత తెలిసింది. ఫ్యాను నా వైపు తిప్పించాడు, చల్లని నీళ్ళు పళ్ళెంలో పెట్టి ఇప్పించాడు, లైసెన్సు కాగితం చూపించాడు. ఆయన నన్ను అనుమానిస్తూ, నేను ఆయనను అనుమానిస్తూ, ఇద్దరం అతి మర్యాదగా మాట్లాడుకున్నాం. ఆ మర్యాద వల్లనే నాకు సంగతంతా తెలిసింది.

అది కంప్యూటరు ఆటల దుకాణం. ఎనిమిది యంత్రాలు, వాటిని కలుపుతూ తీగలు, మధ్య మధ్య ప్లైవుడ్ అడ్డుపలకలు. అక్కడ అందరూ ఆడేది ఒకటే ఆట. ఎనిమిది మంది వర్తకులు, ఒక్కొక్కరికి ఉప్పు బస్తా మోసే కంచరగాడిద ఒకటి. సముద్రపు రేవులో బయలుదేరి, అడవి దాటి, మంచు కనుమ దాటి, చీకటి పడేలోగా కొండమీది కోటకు చేరాలి. ముందు చేరినవాడికి ఎక్కువ పాయింట్లు, ఆ తరవాతివాళ్ళకు తగ్గుతూ పోయి ఆఖరివాడికి సున్నా. వెనకబడి ఒంటరైనవాణ్ణి తోడేళ్ళు తినేస్తాయి. అక్కడ జిరాక్సు యంత్రం కూడా ఉందని కింది మందుల కొట్టువాడు చెబితే, మామయ్య ఒకనాడు పెన్షను కాగితం జిరాక్సు తీయించుకోవడానికి పైకి వచ్చాడట. కాగితం యంత్రంలో ఉండగా పక్క తెర మీద ఒక గాడిద ముళ్ళపొదలో చిక్కుకోవడం, మిగతావాళ్ళు పరుగెత్తడం చూసి, వెనక ఒకడు ఉండిపోయాడు చూడరేమని కుర్రాళ్ళను మందలించాడట. ఆట అంటే అదే కదా తాతా అని వాళ్ళు నవ్వారట. మర్నాడు విజిలుతో సహా వచ్చి కూర్చున్నాడట.

అడ్డుపలకల సందులోంచి తొంగిచూశాను. కోచింగు పుస్తకాల సంచులు కాళ్ళ దగ్గర పడేసుకున్న ఏడుగురు కుర్రాళ్ళు, ఎనిమిదో యంత్రం ముందు తెల్లచొక్కాలో మా మామయ్య, మెడలో విజిలు. ఆట ముగిసి తెర మీద పేర్లు, వాటి ఎదుట అంకెలు పడ్డాయి. అట్టడుగున గార్డ్ అన్న పేరు, దాని ఎదుట సున్నా. మరో ఆట, మళ్ళీ సున్నా. ఈయనకు ఎప్పుడైనా ఏమైనా వచ్చిందా అని సేఠ్‌ను అడిగాను. ఎప్పుడూ రాలేదన్నాడు. వింటున్నకొద్దీ నా అనుమానం తగ్గడానికి బదులు రెట్టింపయింది. గెలిచేవాడు మళ్ళీ మళ్ళీ వస్తాడు, అది లోభం. ఒకసారి గెలిచి ఒకసారి ఓడేవాడూ వస్తాడు, అది ఆశ. ప్రతిరోజూ సున్నా తెచ్చుకుని, నవ్వుకుంటూ ఇంటికి వెళ్ళి, మర్నాడు ఇస్త్రీ చొక్కాతో వచ్చేవాణ్ణి ఏమనాలి? మా మిల్లులోకి ఖాళీగా వచ్చి ఖాళీగా పోయే లారీ ఒకటి రోజూ వస్తున్నదంటే, నేనైతే ముందు దాన్నే ఆపి సీటు కింద వెతుకుతాను.

అందుకని గురువారం నేనే ఆటలో దిగాలని నిశ్చయించుకున్నాను. మందిర్ హసౌద్ నుంచి వచ్చే కుర్రాడొకడు పెళ్ళికని సెలవు పెట్టడంతో ఒక స్థానం ఖాళీగా ఉంది. సేఠ్ నన్ను మూలనున్న యంత్రం ముందు కూర్చోబెట్టి (అడ్డుపలకలు ఉన్నందువల్ల మామయ్యకు కనిపించను), నా పేరు "నయా" అని కొట్టి, మీటలేవో గబగబా చూపించి, పన్నులవాళ్ళకు తన చిత్తశుద్ధి ఇంతకంటే ఎలా నిరూపించుకోవాలన్నట్టు చూసి వెళ్ళిపోయాడు. గొంతు గుర్తుపడతారని నోరు మెదపకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

తెర మీద రేవు, ఓడలు, నా గాడిద. విజిలు మోగింది. అందరూ కదిలారు. నేనూ కదిలాను, వెనక్కి. సముద్రంలోకి కొంతదూరం వెళ్ళాక దిక్కు మార్చడం తెలిసింది. అడవిలో ప్రవేశించేసరికి తక్కిన ఏడుగురూ కనుచూపుమేర లేరు. ఒక చోట దారి కుడివైపు తిరిగింది. నా గాడిద తిరగలేదు. రాతికి మూతి ఆనించి, ఉన్నచోటనే నడుస్తూ ఉండిపోయింది. ఒక మీట నొక్కితే కూర్చుంది, ఇంకొకటి నొక్కితే బస్తా దింపేసింది. అంతవరకూ నేను ఒక పరిశోధకుణ్ణి. ఆ రాతి దగ్గర మాత్రం, ఎందుకో చెప్పలేను, కొంచెం భయం వేసింది. ఊరు కాని ఊళ్ళో దిగిన మొదటిరోజు రైలుస్టేషను బయట ఎటు వెళ్ళాలో తెలియక నిలబడినప్పుడు కలిగిన భయం వంటిదే అది.

"ఆఠవా నహీ ఆయా," అని అడ్డుపలకల అవతల నుంచి మామయ్య గొంతు వినిపించింది. ఎనిమిదోవాడు రాలేదట. లంబూ అని అందరూ పిలిచే ఒక పొడుగాటి కుర్రాడు (అభన్‌పూర్ నుంచి రోజూ బస్సులో కోచింగుకు వచ్చేవాడట), వాడెవడో కొత్తవాడు, మూగవాడిలా ఉన్నాడు, వదిలేయండి సాబ్, కనుమ దగ్గర చీకటి పడిపోతుందని బతిమాలాడు.

"బ్రేక్‌వ్యాన్ ఛోడ్‌కే ఇంజన్ కహాఁ జాయేగా రే?" అన్నాడు మామయ్య. వెనక పెట్టెను వదిలేసి ఇంజను ఎక్కడికి పోతుందని. పొడుగ్గా విజిలు ఊదాడు.

ఏడుగురు వెనక్కి వచ్చారు. నేను నా కళ్ళతో చూశాను కనుక రాస్తున్నాను. ముందున్నవాడు ముందు స్థానం వదులుకుని, రెండోవాడు రెండో స్థానం వదులుకుని, ఆ తెర మీది అడవిలో ఏడు గాడిదలు వరసగా నా రాతి దగ్గరికి తిరిగివచ్చాయి. బస్తా ఎలా ఎత్తుకోవాలో ఒకడు అరిచి చెప్పాడు, ఏ మీట నొక్కాలో మరొకడు చెప్పాడు. మామయ్య గాడిద నా వెనక చేరి తలతో నెట్టింది. దారిలో పడ్డాం. ఆ తరవాత నేను ఎన్నిసార్లు చెట్టుకు గుద్దుకున్నా, నా వెనక ఆ తెల్లచొక్కా వర్తకుడు ఒక్కడు ఉంటూనే ఉన్నాడు. మంచు కనుమలో చీకటి పడింది, తోడేళ్ళు వచ్చాయి. కుర్రాళ్ళు నన్ను మధ్యలో పెట్టుకుని చుట్టూ నిలబడ్డారు. కోటకు చేరేసరికి గడువు ఎప్పుడో దాటిపోయింది. యంత్రం నిర్మొహమాటంగా ఎనిమిది పేర్లకూ ఎనిమిది సున్నాలు చూపించింది. దుకాణం దద్దరిల్లిపోయింది. బల్లలు చరిచారు, ఈలలు వేశారు. లంబూ టీకి పురమాయించాడు. ఎనిమిది మందీ చేరితేనే చేరినట్టు లెక్క అన్నది వాళ్ళు తమలో తాము పెట్టుకున్న నియమమట. ఆ ఆటను తయారుచేసినవాడికి ఆ నియమం సంగతే తెలియదు, యంత్రానికి అంతకన్నా తెలియదు. నాకు మాత్రం ఆ క్షణాన, ఎనిమిది సున్నాల మీద ఇంత సంబరం జరిగిందంటే ఇందులో ఏదో పెద్ద మోసమే ఉండాలనిపించింది. టీ కూడా తాగకుండా జారుకున్నాను.

కింద చెరుకురసం బండి దగ్గర నా సైకిలు తాళం తీస్తుంటే వెనకనుంచి ఒక గ్లాసు నా ముందుకు వచ్చింది. గ్లాసు పట్టుకున్న చేయి మామయ్యది.

"తాగు. సోమారం నుంచి ఎండలో తొక్కుతన్నావు," అన్నాడు.

నేను తువ్వాలు విప్పాను. ఇంక దాచడానికేమీ లేదు. ఎప్పుడు గుర్తుపట్టావని అడిగాను.

"ఇల్లు దాటక ముందే. ఒరే, ఎనకాల ఏటొస్తందో సూసుకోడమే కదరా నలభై ఏళ్ళు నా నౌకరీ. గార్డు ఎనకాల పడ్డావేట్రా, నీకెవడు చెప్పాడు? ఆ పైన మీ అత్తయ్య తువ్వాలొకటి."

గ్లాసు అందుకున్నాను. అయినా నా స్వభావం ఊరుకోనిచ్చేది కాదు. నేనని తెలిసే అడవిలో అంతసేపు ఆగావా అని నిలదీశాను.

"లేదురా. మూల కూకున్నది పూల తువ్వాలోడని మెట్లు దిగీటప్పుడు సేఠ్ చెప్పాడు. ముందే తెలిసుంటే ఇంకో గడియ ఆ రాయి కాడే ఉంచుదును."

నవ్వాడు. నేను నవ్వలేదు. దీనివల్ల నీకు ఏమొస్తుంది మామయ్యా అని అడిగాను, ఎందుకంటే నా దగ్గర ఉన్న ప్రశ్న అదొక్కటే. ఆయన తనకూ ఒక గ్లాసు పోయించుకున్నాడు.

"బండి వంపు తిరిగీ సోటల్లా డ్రైవరు తల బయట పెట్టి ఎనక్కి సూసీవోడు. నేను పచ్చజెండా ఊపీవోణ్ణి. అంతేరా. ఆడి మొహం కూడా సరిగ్గా కనపడదు. కాని సూసీవోడు. రిటైరయ్యాక ఎవుడూ ఎనక్కి సూడలేదు. ఈ కుర్రగుంటలు సూస్తన్నారు." గ్లాసు బండి మీద పెట్టాడు. "మీ బావ అడుగుతాడు కదా. ఏటి సూసావో అదే చెప్పు. అబద్ధం చెప్పకు, నీకు రాదు."

సైకిళ్ళు పక్కపక్కనే తొక్కుకుంటూ ఇంటికి వచ్చాం. వీధి మలుపులో ఆయన నన్ను ముందు పోనిచ్చాడు.

ఆదివారం ఉదయం ఫలహారం అయ్యాక విచారణ జరిగింది. బావ కుర్చీలో, అత్తయ్య గుమ్మంలో, మామయ్య వసారాలో పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని (పేజీ తిప్పకుండా). సైకిలు తాళం బల్ల మీద సిద్ధంగా ఉంది. నేను చూసినది చూసినట్టు చెప్పాను. మట్కా లేదు, పందెం లేదు. గాడిదలు ఉన్నాయి. బావ ప్రతి వాక్యానికీ ఒక ప్రశ్న వేశాడు.

"ఎంత గెలిచాడు?"

"సున్నా."

"ఒక్కసారీ గెలవలేదా? మరి ఎందుకెళ్తన్నట్టు?"

అక్కడ ఆగిపోయాను. చెరుకురసం బండి దగ్గర విన్నది చెప్పాలంటే నోరు రాలేదు. అది ఆయన నాకు చెప్పిన మాట, రిపోర్టులో రాసే మాట కాదు. అంకెల్లో ఏదైనా జవాబు ఉందేమోనని వెతికాను. ఎంత వెతికినా సున్నాయే. నా మౌనం చూసి బావ ముఖంలో అనుమానం గట్టిపడింది. చేయి తాళం మీదికి వెళ్ళింది. వసారాలో పేపరు కొంచెం కిందికి దిగింది.

అప్పుడు అత్తయ్య నన్ను అడిగింది. "ఆ పిల్లలు ఈయన కోసం ఆగుతన్నారా?"

"ఆగుతున్నారు అత్తయ్యా. మామయ్య విజిలు వేస్తే తప్ప కదలరు. ఒకడు తప్పిపోయాడంటే, అందరూ వెనక్కి వస్తారు."

ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంది. తరవాత కొడుకు వైపు తిరిగింది.

"ఈ ఇంట్లో ఈయన ఆగమంటే పాలోడు కూడా ఆగడు. ఎళ్ళనీ. తాళం తియ్యి అక్కణ్ణుంచి."

బావ ఏదో అనబోయాడు. చక్కెర జబ్బు, ఎండ అన్నాడు. నాలుగు దాటాక ఎండ తగ్గుతుంది, అప్పుడు వెళ్తాడని అత్తయ్య ఉత్తర్వు సవరించింది. పేపరు వెనకనుంచి, నాలుగంటే ఆలస్యం, పిల్లలు మూడున్నరకు వస్తారని ఒక గొంతు వినిపించింది. మూడున్నరకు ఖరారైంది. పోతే పకోడీలు తినకూడదు, తిన్నట్టు వాసన వస్తే ఆ రాత్రి అన్నం లేదు, నిద్రలో ఎవరినీ పిలవకూడదు. మామయ్య అన్నిటికీ ఒప్పుకుని, చివరిదానికి మాత్రం హామీ ఇవ్వలేనన్నాడు.

నా రిపోర్టు మీద నమ్మకం చాలక బావ ఆ వచ్చే శనివారం స్వయంగా తనిఖీకి వెళ్ళాడు. దీపాలు పెట్టి చాలాసేపయ్యాక తిరిగివచ్చాడు. ఏమైందని అడిగితే తనిఖీ ఇంకా పూర్తి కాలేదన్నాడు. అది వానలు పడేదాకా ప్రతి శనివారం జరిగింది. (అతనికి వచ్చిన పాయింట్ల సంగతి ఈ రోజుకీ నాకు చెప్పలేదు.) ఆ కుర్రాళ్ళు పరీక్షలు రాసి ఒక్కొక్కరే ఊళ్ళు పట్టుకుని వెళ్ళిపోయారు. సేఠ్ ఆ దుకాణాన్ని ఫోన్ల కొట్టుగా మార్చాడు. మామయ్య అటు తరవాత పన్నెండేళ్ళు ఉన్నాడు.

ఇప్పుడు నాకు యాభై దగ్గర పడుతున్నది. జుట్టు సంగతి చూసి వీధిలో పిల్లలు తాతగారూ అని పిలవడం కూడా మొదలుపెట్టారు. అంకెల మీద నా గురి తగ్గలేదు. ఈ వయసులో ఇంకేం తగ్గుతుంది? మా అమ్మాయి సాయంత్రాలు గది తలుపు వేసుకుని, చెవుల్లో తీగలు పెట్టుకుని, ఫోనులో స్నేహితులతో ఏదో ఆట ఆడుతుంది. ఎక్కడెక్కడి స్నేహితులో, ఒకరినొకరు ఎన్నడైనా చూసుకున్నారో లేదో నాకు తెలియదు. చాలాకాలం తలుపు దగ్గర నిలబడి, స్కోరెంత వచ్చిందని అడుగుతూ వచ్చాను. అది కాదు నాన్నా అని విసుక్కునేది. మొన్న ఒకనాడు తలుపు కొద్దిగా తెరిచి, వేరే ప్రశ్న అడిగాను. నువ్వు వెనకబడితే నీ వాళ్ళు నీకోసం ఆగుతారా అన్నాను.

ఒక చెవిలోని తీగ తీసి, నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. లోపలికి వచ్చిన బరువుకూ బయటికి పోయే బరువుకూ పొంతన కుదరని లారీని చూసినట్టు చూసింది.

"ఎందుకడుగుతున్నావ్? అమ్మ పంపించిందా?"

లేదన్నాను. నమ్మలేదు. నమ్మదని నాకు తెలుసు. ఆ చూపు ఎవరిదో, దానికి తువ్వాలు ఒకటే తక్కువని కూడా తెలుసు. ఆగుతారో లేదో చెప్పకుండానే తీగ మళ్ళీ చెవిలో పెట్టుకుంది. తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి, ఇవతల నిలబడి ఒక్కణ్ణే కాసేపు నవ్వుకున్నాను.